నెమలి మెడలో గలాటా

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే మా నాన్న "కరెంటు ఆఫీసు" అని చెప్పేస్తాడు. దాంతో మా సందులో ఎవరి మీటరు తిరగకపోయినా, ఎవరి బిల్లు ఎక్కువొచ్చినా తిన్నగా నా దగ్గరికే వస్తారు. అమ్మ మాత్రం వేరేగా చెప్తుంది. "మా పాప మిషన్లు గొణుక్కుండేది వింటాది" అంటుంది. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక చిన్న పరీక్షల ల్యాబ్ మాది. అంగడికి రాబోయే వస్తువులు ముందు మా దగ్గరికి వస్తాయి. ఫోను చార్జర్లు, మిక్సీలు, ఆసుపత్రిలో గుండె కొట్టుకోవడం చూపించే తెరలు, ఏదైనా సరే. కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ తన పని తాను చేసుకుంటూనే చుట్టూ గాల్లోకి కొంత అల్లరి చిమ్ముతుంది. అది కంటికి కనపడదు, చెవికి వినపడదు. పక్కనున్న ఇంకో యంత్రానికి మాత్రం తగులుతుంది, తగిలి దాని లెక్క తప్పిస్తుంది. వెనకటికి మిక్సీ వేయగానే రేడియోలో గరగరమని వచ్చేది గుర్తుందా, అదే ఇది. పుస్తకాల్లో దీన్ని విద్యుదయస్కాంత జోక్యం అంటారు. ఆ మాట పూర్తిగా పలికేలోపు చేతిలో టీ చల్లారిపోతుంది కాబట్టి మేమెవరమూ అలా అనం. ల్యాబ్‌లో నాయిస్ అంటాం. అమ్మ గలాటా అంటుంది.

చేరిన మొదటి రోజు మా ల్యాబ్ పెద్దాయన నన్ను ఒక ఇనుప గదిలోకి తీసుకెళ్ళారు. ఆయన అనంతపురం వైపు మనిషి, ఎన్నేళ్ళు బెంగుళూరులో ఉన్నా మాటకు ఇక్కడి నీళ్ళు తగలలేదు. ఆ గది గోడల నిండా, కప్పు నిండా మోచేతి పొడుగున నీలం స్పాంజి మొనలు. లోపల పుట్టిన తరంగం గోడకు తగిలి వెనక్కి రాకుండా అవి మింగేస్తాయట. మాటను కూడా మింగేస్తాయి. నేను "సార్" అంటే ఆ పిలుపు నా పెదవుల దగ్గరే ఆగిపోయింది. తలుపు వేయగానే ఫోనులో ఉన్న ఆఖరి సిగ్నల్ గీత కూడా పోయింది. గది మధ్యలో బల్ల మీద ఒక చార్జర్ ఉంది, మారతహళ్ళి వంతెన దగ్గర రోడ్డు పక్కన గుట్ట పోసి అమ్మే రకం. దానికి ఎదురుగా మనిషెత్తు ఏరియల్ ఒకటి. మేం బయటికి వచ్చి తెర ముందు కూర్చున్నాం.

తెర అడుగున పొట్టి గడ్డిలాగా ఒక గీత కదులుతోంది. లోపల ఏమీ లేనప్పుడు అలా ఉంటుందన్నారు. ఆయన స్విచ్ వేశారు. గడ్డిలోంచి ఒకదాని పక్కన ఒకటిగా మొనలు లేచాయి, లేచి తెర పై అంచు దాకా పోయాయి. చివర అంటూ లేదు, తెర పక్కకు జరిపిన కొద్దీ ఇంకా ఉన్నాయి.

"చూసినావామ్మా? అగ్గిపెట్టంత లేదు. ఊరంతా వినపడేట్టు అరుస్తా ఉండాది" అన్నారాయన.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరిని చూస్తుంటే, రోజూ చూసే ఊరే, కొత్తగా కనపడింది. ప్రతి కిటికీలో ఒక దీపం, ప్రతి చేతిలో ఒక ఫోను, ప్రతి బండిలో ఒక మోటారు. అన్నీ ఒకేసారి నా లోంచి, నా పక్కనున్న ఆవిడ ఒళ్ళో పడుకున్న పసిబిడ్డ లోంచి, బస్సు రేకుల సందుల్లోంచి దూసుకుపోతున్నాయి. అంత హోరు మధ్య కూర్చుని నాకు వినపడుతున్నది ముందుకు జరగమంటూ కండక్టరు వేసే "ముందకె హోగి" అనే కేక ఒక్కటే. ఇన్నేళ్ళయినా ఆ ఆశ్చర్యం నాకు తగ్గలేదు. ల్యాబ్‌లో మిగిలిన వాళ్ళకు ఎప్పుడో తగ్గింది. నన్ను చూసి "ఇంకా నోరు తెరుచుకునే చూస్తుంది" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మా ఇల్లు పాత పేటలో. తాతల కాలంలో రాయలసీమ నుంచి వచ్చి మగ్గాలు వేసుకున్న కుటుంబాలు ఒకప్పుడు మా సందు నిండా ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో కింద గోడౌన్లు, పైన అద్దె వాటాలు. మా ఇంట్లో మాత్రం కింది గదిలో ఇంకా మగ్గం ఉంది, దాని మీద ఇంకా అమ్మ కూర్చుంటుంది. నేను వారమంతా ల్యాబ్ దగ్గర అద్దె గదిలో ఉండి, శనివారం ఇంటికి వస్తాను. సందు మొదట్లోనే మగ్గం చప్పుడు వినపడితే అమ్మ బాగుందని లెక్క. ఫోను చేసి కుశలమడిగే అలవాటు మా ఇద్దరికీ లేదు.

గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కాలితో తొక్కి, అడ్డు పోగు చుట్టిన నాడెను చేత్తో విసిరే మగ్గమే అది. పూల నమూనా ఎత్తే పని మాత్రం పైన బిగించిన ఒక ఎలక్ట్రానిక్ పెట్టెది. వెనకటి రోజుల్లో అయితే ఏ వరసకు ఏ దారాలు లేవాలో రంధ్రాలు పొడిచిన అట్టల దండ వేలాడుతుండేది. ఇప్పుడా అట్టలన్నీ ఒక చిప్పులో ఇమిడిపోయాయి. కాలి పలక దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది. అమ్మ తొక్కిన ప్రతిసారీ అది ఒక తీగ గుండా పెట్టెకు ఆ కబురు పంపుతుంది. పెట్టె తర్వాతి వరసకు కావలసిన దారాలను లేపుతుంది. అమ్మ నాడె విసురుతుంది. తొక్కు, కబురు, వరస. ఈ మూడింటి మధ్య ఎక్కడా పొరపాటు రాకూడదు.

ఒక శనివారం పొద్దున నేను సందులోకి వచ్చేసరికి చప్పుడు లేదు. లోపలికి పోయి చూస్తే అమ్మ మగ్గంలోనే ఉంది. చీర మీదికి వంగి, సూది మొనతో అడ్డంగా నేసిన పేక పోగును ఒక్కొక్క దారం కిందనుంచి తప్పిస్తూ విప్పుతోంది. కొంగులో నెమలి. ఒళ్ళంతా చక్కగా వచ్చింది, మెడ దగ్గరికి వచ్చేసరికి ఒక వరస లేదు. అదే వరస ఒంట్లో తప్పితే ఎవరి కంటికీ ఆనదు. మెడ సన్నం కదా, అక్కడ తప్పితే పక్షి మెడ విరిగినట్టే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇదమ్మా?" అన్నాను.

"దసరా అయినకాడి నుంచి." తలెత్తలేదు. "ఒకదినం వస్తాది, ఒకదినం రాదు. వచ్చినదంతా విప్పి మళ్ళీ నేస్తా ఉండా."

దసరాకు కొన్నాళ్ళ ముందే ఆమెకు కంట్లో పొర తీయించాం. నాన్న దాన్ని పట్టుకున్నాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ, "డాక్టరు లోపల పెట్టిన అద్దం చైనా మాలు అయ్యుండాది. గ్యారంటీ కార్డు అడిగింటే బాగుండు" అన్నాడు. ఆయన వేళాకోళం అలాగే ఉంటుంది, బాధ ఎక్కువైనప్పుడు ఇంకా ముదురుతుంది. అమ్మ నవ్వలేదు.

"పెట్టెను చూపించినారా?"

"చూపించకుండా ఉంటానా? మెకానిక్కు అంగడికి తీసుకపోయి దినమంతా నడిపినాడు. ఒక్క వరస తప్పలేదు. తప్పు నాదే పాపా. కాలు రెండు తూర్లు పడతా ఉండాదో, చెయ్యి తడబడతా ఉండాదో, కన్ను చూసేది లేదో. సుమ్నే, ఊరికే మిషన్ మీద చెప్తే ఎట్ల? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు." సూది పక్కన పెట్టి అప్పుడు నా వైపు చూసింది. "ఈ చీర దించినంక మగ్గం దిగిపోతా. చీరలు తీసుకునే సావుకారికి మీ నాయన చెప్పేసినాడు."

ఆ మాట వినగానే నాకు భయమేసింది. మగ్గం దిగిన అమ్మను నేనెప్పుడూ చూడలేదు. నన్ను తిట్టినా, నాకు లెక్కలు నేర్పినా, ఎవరైనా పోయారని తెలిసి ఏడ్చినా ఆమె ఆ గుంటలో కాళ్ళు పెట్టుకునే చేసింది. వయసు మీద పడి దిగితే అది వేరు. తనమీద తనకు నమ్మకం పోయి దిగడం నాకు మింగుడు పడలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "ఇంట్లో ఇంత జరుగుతా ఉంటే నాకు చెప్పేది లేదా? ఊర్లో వాళ్ళ మిషన్లన్నీ నేనే కదా చూసేది?" అని అరిచాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ఆ చెట్టునే.

"నీ పని వేరే, నా పని వేరే" అంది అమ్మ. సూది అందుకుంది.

సోమవారం టీ తాగుతూ ఈ సంగతి మా పెద్దాయనకు చెప్పాను. అంతా విని ఆయన గ్లాసు కింద పెట్టారు.

"పెట్టెను అంగడికి తీసుకపోయి చూస్తే ఏం తెలుస్తాదమ్మా? జ్వరమొచ్చినోన్ని ఇంట్లో పండబెట్టి, వాని చొక్కాను ఆస్పత్రికి పంపినట్టుండాది. చోటును చూడాల. నువ్వు పోర్టబుల్‌ది ఎత్తుకపో. జాగ్రత్త, కింద గింద పడేస్తివో, నీతోపాటు నేనూ వేరే ఉద్యోగం వెతుక్కోవాల."

అలా ఆ వారాంతంలో సామానంతా సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. వాటిలో ముఖ్యమైనవి మూడు. అల్లరిని కొలిచే చేతి పెట్టె ఒకటి, కెమెరా తగిలించిన లాప్‌టాప్ ఒకటి. మూడోది ఒక పిడి, దాని చివర చిన్న తీగ చుట్టు, పిల్లలు సబ్బునీళ్ళలో ముంచి బుడగలు ఊదే ఉంగరం లాంటిది. ఆ ఉంగరాన్ని చేత్తో పట్టుకుని వస్తువు మీదుగా నెమ్మదిగా తిప్పాలి. కెమెరా ఆ ఉంగరం ఎక్కడుందో చూస్తూ ఉంటుంది. అల్లరి తక్కువున్న చోట తెర మీది బొమ్మకు నీలం పూస్తుంది, పెరిగితే ఆకుపచ్చ, పసుపు, బాగా ఎక్కువైతే ఎరుపు. చేయి తీసేసినా రంగు అక్కడే ఉంటుంది. కనపడని దాన్ని కనపడేటట్టు చేయడమంటే ఇంతే. అయినా నేను ప్రతిసారీ ఊపిరి బిగబట్టే చూస్తాను.

ఆదివారం పొద్దున, ఎండ మగ్గం గదిలోకి వచ్చే వేళకు అన్నీ అమర్చాను. అమ్మ స్నానం చేసి వచ్చి, మగ్గం పై దూలం మీదున్న దేవుడి పటం దగ్గర దీపం స్విచ్ వేసి, గుంటలో కూర్చుంది. నూనె దీపం కాదు, వత్తిలా మిణుకుమనే చిన్న కరెంటు దీపం. నేత ఉన్నంతసేపూ అది వెలుగుతుంది.

"ఏంది, నాకు ఎక్స్‌రే తీస్తావా?" అంది.

"నీకు కాదు. నువ్వు నేస్తా ఉండు."

మొదట గది మధ్యలో నిలబడి ఊరికే గాలిని చూశాను. అమ్మో, మా పేట! ల్యాబ్‌లో గడ్డి పొట్టిగా ఉంటుంది, ఇక్కడ నడుం లోతు. సెల్ టవర్లు, పక్కింటి వైఫై, మెట్రో, వీధిలో కెమెరాలు, ఎవరి ఇంట్లోనో ఇండక్షన్ స్టవ్, అన్నీ వచ్చి మా గుడ్డి దీపం గదిలో చేరాయి. తాతలు మట్టిగోడలు కట్టిన గది అది. ఆ గోడల్లోంచి ఇంత లోకం వచ్చిపోతోందని తెర చూపిస్తుంటే నాకు చేతులు జోడించాలనిపించింది. అమ్మను పిలిచి చూపించాను. సంచిలోంచి మొన ఉన్న కడ్డీ ఒకటి తీసి చేతి పెట్టెకు తగిలించి, దాన్ని వేలితో ముట్టుకోమన్నాను. ఆమె భయం భయంగా ముట్టుకుంది. గడ్డి ఒక్కసారి పైకి లేచింది. వేలు తీసింది, తగ్గింది. మళ్ళీ పెట్టింది, లేచింది.

"నాలో కూడా ఉండాదా ఈ గలాటా?"

"ఊర్లోదంతా నీ ఒంట్లోకి దిగతా ఉండాది మా. మనిషి కూడా ఏరియలే."

అమ్మ తన వేలిని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకుంది. మెల్లగా పోయి గుంటలో కూర్చుంది.

నాకు మొదటినుంచీ వెనకింటి మరమగ్గాల మీద అనుమానం. ఆ మోటార్ల అల్లరి నాకు తెలుసు. తీరా చూస్తే ఆదివారం కాబట్టి అవి ఆగే ఉన్నాయి, అయినా ఆ పొద్దునే అమ్మకు ఒక వరస తప్పింది. సరే, మా ఇంట్లో ఒక్కొక్కటీ ఆపడం మొదలుపెట్టాను. ఫ్రిజ్ ఆపాను. మార్పు లేదు. నాన్న ఫోను చార్జర్ పీకాను. లేదు. గోడకు తగిలించిన, రోజంతా మంత్రాలు చదివే డబ్బా ఆపబోతే నాన్న పేపరు దించాడు.

"దేవున్ని కూడా అనుమానిస్తావా మే?"

"దేవున్ని కాదు నాయనా, డబ్బాను."

డబ్బాదీ తప్పు కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తల వేడెక్కింది. ఇక ఉంగరం తీసుకుని మగ్గానికే రంగు పూయడం మొదలుపెట్టాను. కాలి పలక నుంచి పైకి, అంగుళం అంగుళం. అమ్మ నేస్తూనే ఉంది, నేను ఆమె చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతున్నాను.

తెర మీద మగ్గం నెమ్మదిగా వెలిగింది. కొయ్య స్తంభాలు నీలం. ఎలక్ట్రానిక్ పెట్టె ఆకుపచ్చ, అక్కడక్కడ పసుపు, అది దాని మామూలు ఊపిరి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మగ్గం, నేను ఉయ్యాల ఊగిన దూలం, ఇలాంటి ఒళ్ళు దానికుందని ఎప్పుడూ ఊహించలేదు. సంక్రాంతి ముగ్గును ఎవరో గాల్లో వేసినట్టుంది. ఉంగరం పై దూలానికి చేరింది. అప్పుడు ఎరుపు వచ్చింది.

చుక్క కాదు, గీత. దేవుడి పటం దగ్గర మొదలై, దూలం వెంట పోయి, స్తంభం మీదుగా దిగి, సెన్సర్ తీగను కలుసుకునే దాకా ఒకటే ఎర్ర గీత. అక్కడ వైరు లేదు. ఆ దారిలో వైరేదీ లేదని నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పరికరం తప్పుతోందనుకుని బొమ్మంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే గీత, అదే దారిలో. లేని తీగలో కరెంటు ఎలా పారుతుంది? స్టూలు ఎక్కి, దూలం మీద ఎండిపోయిన బంతిపూల దండను పక్కకు తీశాను.

దండ కింద ఒక జరీ పోగు ఉంది. పసుపు, కుంకుమ అంటుకుని కొయ్య రంగులో కలిసిపోయింది. పటం చుట్టూ, దీపం వైరు చుట్టూ తిరిగి, దూలం మీదుగా వచ్చి, పెట్టె పక్కగా స్తంభం మీంచి దిగి, చివరికి సెన్సర్ తీగకు మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉంది. ఎక్కడా ముడి లేదు.

"ముట్టొద్దు!" అమ్మ కింది నుంచి అరిచింది. "అది మిషన్ కంకణం."

ఆయుధ పూజ రోజు మా ఇంట్లో మగ్గానికి కంకణం కడతారు. దేవుడి దగ్గర మొదలుపెట్టి యంత్రం కొస దాకా ఒకే పోగు, మధ్యలో తెగకూడదు. మరుసటి ఏటి దసరా దాకా విప్పరు. ఎప్పుడూ పసుపు రాసిన నూలు పోగే కట్టేది. నేను స్టూలు మీదే నిలబడి, "నూలు కదా కట్టేది? జరీ ఎందుకు కట్టినావు?" అన్నాను.

"కన్ను పోతాదని భయపడినా పాపా. ఆపరేషన్‌కు పోయేటప్పుడు మొక్కుకుంటిని. చూపు వస్తే దసరాకు మగ్గానికి జరీ కంకణం కడతానని." కొంచెం గర్వంగానే అంది. "అసలు జరీనే కట్టినా. ఇప్పుడందరూ నేసే ప్లాస్టిక్‌ది కాదు. మీ అవ్వ దాచి పెట్టిండే కండె నుంచి తీసినా. దేవునికి దొంగ జరీ కడతామా?"

అసలు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టినది. వెండి. కరెంటుకు అంతకంటే మంచి దారి ఈ భూమ్మీద లేదు. చవక దీపం చిమ్మే అల్లరి ఆ వెండి ఎక్కి, తిన్నగా వచ్చి, సెన్సర్ తీగలోకి దిగుతోంది. అప్పుడప్పుడూ పెట్టెకు అది అమ్మ తొక్కులాగే వినపడుతోంది. తొక్కకపోయినా తొక్కిందనుకుని ఒక వరస ముందుకు పోతోంది. అమ్మ ప్లాస్టిక్ జరీ కట్టి ఉంటే ఇంతగా పారేదే కాదు. నూలు కట్టి ఉంటే ఏమీ అయ్యేదే కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరుడి పటం దగ్గర నుంచే బయల్దేరింది.

వెంట్రుక కంటే కొంచెమే లావున్న ఆ పోగును చూస్తుంటే నాకు ముందు గెలిచానన్న సంతోషం రాలేదు. ఒక మొక్కు ఇంత సన్నని దారిలో నడిచి ఇంత దూరం పోగలదా అనిపించింది. ఆ తర్వాతే దిగులు పట్టుకుంది. ఇది అమ్మకు ఎలా చెప్పాలి?

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కిందికి దిగి, తెరను ఆమె వైపు తిప్పి, ఎర్ర గీతను వేలితో చూపిస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న కూడా లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. అమ్మ తెరను చూసింది, దూలాన్ని చూసింది, మళ్ళీ తెరను చూసింది.

"అయితే నేనే చేసినా కదా" అంది. గొంతు బాగా తగ్గిపోయింది.

"కట్టింది నువ్వే. తప్పు తొక్కింది మాత్రం నువ్వు కాదు మా. నువ్వు తొక్కంది కూడా పెట్టె లెక్కేసుకుంటా ఉండాది."

నమ్మలేదు. నా మాట మీద నమ్మే మనిషి కాదు ఆమె. "ఆ దీపం ఆర్పు, చూద్దాం" అంది. ఆర్పి, ఉంగరాన్ని అదే దారిలో తిప్పాను. ఎరుపు లేదు, దూలం పొడుగునా నీలం. వెలిగించి తిప్పాను, ఎరుపు పాకుతూ వచ్చింది. ఆర్పమంది, వెలిగించమంది, మళ్ళీ ఆర్పమంది. పొయ్యి మీది పాలను చూసే ఆడవాళ్ళ కళ్ళుంటాయే, అలా చూసింది ప్రతిసారీ.

చివరికి తనే స్టూలు ఎక్కింది. మమ్మల్నెవరినీ చేయి వేయనివ్వలేదు. సెన్సర్ తీగ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క మెలికే విప్పుతూ, పోగు తెగకుండా రెండు వేళ్ళ మీద చుట్టుకుంటూ పటం దాకా పోయింది. ఆ చుట్టను పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. "నీకిచ్చింది నీ దగ్గరే ఉండనీ. మగ్గానికి నూలే చాలు" అని దేవుడికి చెప్పింది. పసుపు రాసిన నూలు పోగు ఒకటి తెచ్చి, అదే దారిలో ఒకే పోగుగా కట్టింది. దీపం వెలిగించింది. నేను ఉంగరం తిప్పి చూపించాను. నూలు మీద ఏ రంగూ లేదు.

అప్పుడు కూర్చుని నేయడం మొదలుపెట్టింది. పొద్దున తప్పిన నెమలిని మొత్తం విప్పేసి, మళ్ళీ కొత్తగా ఎత్తుకుంది. నాన్న పేపరు మడిచి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, వేళాకోళం ఏమీ ఆడలేదు. నేను సామాను సర్దడం మానేసి చూస్తున్నాను. కాళ్ళొచ్చాయి. తోక వచ్చింది, ఒళ్ళు వచ్చింది. మెడ దగ్గరికి రాగానే అమ్మ తొక్కు నెమ్మదించింది. ఒక్కొక్క వరసకు ఆగి, వంగి, చూసి, మళ్ళీ తొక్కింది. మెడ వంపు తిరిగింది. ముక్కు వచ్చింది. తల మీది కిరీటంలో చివరి చుక్క కూడా వచ్చింది. నెమలి నిండుగా నిలబడింది. ఆ వెంటనే అమ్మ ఇంకో నెమలి ఎత్తుకుంది, అదీ నిండుగానే దిగింది.

"సావుకారితో చెప్పి వస్తా" అని నాన్న చెప్పులు వేసుకున్నాడు. ఏం చెప్తావని అమ్మ అడగలేదు. ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆమె కదల్లేదు, నాడె కూడా విసరలేదు. తర్వాత చేతులు రెండూ చీర మీద నుంచి ఎత్తి, అరచేతులు తన వైపు తిప్పుకుని చూసింది. కాయలు కాసిన వేళ్ళు, గోళ్ళ సందుల్లో పసుపు. ముందు కుడి చేతిని, తర్వాత ఎడమ చేతిని కళ్ళకద్దుకుంది.

"ఇన్ని దినాలు మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిడితిని కదప్పా" అంది వాటితో. "మీరేం చేయలేదంట."